ఆరున్నొక్కటి

మా వైపు కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు అంటూ వరస సాగుతుంది. ఆరు దాటాక కొలిచే మనిషి గొంతు కాస్త తగ్గుతుంది. ఏడు అనడు. ఆ మాటలో ఏడుపు వినిపిస్తుందని భయం. ఆరున్నొక్కటి అంటాడు. కుంచం కుంచమే, లెక్క లెక్కే. ఆ ఒక్క మాటను మాత్రం నోటికి తగలనివ్వకుండా దాటిపోతాడు.

నేను చెప్పబోయే గాథ కూడా లెక్కకు సంబంధించినదే. ఒకే అక్షరం పదిసార్లో ఇరవైసార్లో వరసగా వచ్చే చోట, ఎప్పుడో ఒకసారి, ఒక్కటి తగ్గిపోవడం. దాని వెంట ఒక మనిషి పోవడం, ఆ మనిషి అయినవాళ్లు పోవడం, వాళ్ల పిల్లలు పోవడం. ఎలా ముగుస్తుందో ముందే చెప్పేస్తాను, దాచి ఉంచి చివర్లో కన్నీళ్లు పెట్టించాలని లేదు. ఆమె చనిపోతుంది. 46 ఏళ్లకే చనిపోతుంది. ఏ జబ్బు తనను తీసుకుపోతుందని చెప్పిందో ఆ జబ్బే తీసుకుపోతుంది. అందరూ దాటేసే మాటను ఆమె దాటలేదు, ఏడును ఏడనే అంది. విన్నవాళ్లున్నారు. విని రాసుకున్నవాళ్లున్నారు. అయినా ఆ లెక్క ఎక్కడ తప్పిందో లోకానికి తెలియడానికి 98 ఏళ్లు పట్టింది.

1895. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్ పట్నం. అక్కడి విశ్వవిద్యాలయంలో పాథాలజీ విభాగపు యువ వైద్యుడు ఆల్డ్రెడ్ స్కాట్ వార్థిన్. ఆయనకు బట్టలు కుట్టిపెట్టే ఆమె పేరు పాలీన్ గ్రాస్. జర్మనీలోని వూర్టెంబర్గ్ నుంచి వలస వచ్చిన వంశం వాళ్లది. ఒకరోజు ఆమె ముఖం వాడిపోయి కనిపించింది. ఏమైందని వార్థిన్ అడిగాడు.

ఈ కథలో మంచి జరిగిన కొద్ది చోట్లలో ఇది మొదటిది. కుట్టుపని చేసే మనిషి ముఖం వాడిపోయిందని గమనించే తీరిక అందరికీ ఉండదు. వార్థిన్ వైద్యానికి ముందు సంగీతం నేర్చినవాడు, సిన్సినాటి సంగీత కళాశాలలో పట్టా పుచ్చుకున్నవాడు. శ్రుతి తప్పితే పట్టుకునే చెవి ఆయనకు అక్కడే అబ్బి ఉంటుందని నా నమ్మకం. పాలీన్ చెప్పింది. తాను చిన్న వయసులోనే పోతానని. తనవాళ్లలో చాలామంది కడుపు కేన్సర్‌తోనో, పేగు కేన్సర్‌తోనో, ఆడవాళ్లయితే గర్భసంచి కేన్సర్‌తోనో పోయారని. తనకూ అదే రాసిపెట్టి ఉందని. ఆమె ఈ మాటలు కుడుతూనే చెప్పి ఉంటుందని నాకు అనిపిస్తుంది. పనిచేసే ఆడవాళ్లు పెద్ద దుఃఖాలను చేతిలో పని ఆపకుండానే చెబుతారు.

ఇలాంటి మాట మన ఇళ్లలోనూ వినని వాళ్లుండరు. మా పుట్టింటి వాళ్లకిది వంశంలో ఉందమ్మా, మా అమ్మ ఇలాగే పోయింది, మేనమామ ఇలాగే పోయాడు. వినేవాళ్లు వెంటనే కసురుతారు. ఊరుకో, అలాంటి మాటలనకు, పైన తథాస్తు దేవతలుంటారు అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ప్రేమలోనే లెక్క ఆగిపోతుంది. వార్థిన్ ఆమె నోరు మూయించలేదు. ఆమెనే తోడు చేసుకుని వంశవృక్షం సిద్ధం చేశాడు. ఎవరు, ఎన్నో ఏట, ఏ జబ్బుతో. బట్టలు కొలిచిన చేతులతో పాలీన్ తనవాళ్ల చావులను కొలిచి ఇచ్చింది. ఆయన రాతల్లో ఆ వంశానికి పెట్టిన పేరు ఒకే ఒక్క అక్షరం. ఫ్యామిలీ జి.

ఆమె ఒంట్లో ఏం జరిగిందో ఇప్పుడు మనకు తెలుసు. తెలిసింది గనకే మనసు ఇంకా ఎక్కువ నొచ్చుకుంటుంది.

ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ ఇంచుమించు 600 కోట్ల అక్షరాల రాత ఉంటుంది, డీఎన్ఏ అంటే అదే. ఉన్న అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. కణం రెండుగా చీలే ముందు ఈ రాతంతా మొదటి నుంచి చివరిదాకా తిరగరాయాలి. అక్షరాలు కలగలిసి ఉన్నచోట రాయడం కష్టం కాదు. కానీ కొన్ని చోట్ల రాత పసిపిల్లల వల్లెవేతలా ఉంటుంది. ఎ ఎ ఎ ఎ ఎ ఎ ఎ ఎ అని, లేకపోతే సి ఎ సి ఎ సి ఎ అని. మైక్రోశాటిలైట్లు అనేది వీటినే. తిరగరాసే యంత్రానికి ఇక్కడ చెయ్యి జారుతుంది. చీర కుచ్చిళ్లు పోసేటప్పుడు వేళ్ల మధ్య నుంచి ఒక మడత జారి పక్కకు ఉబుకుతుంది చూశారా, అచ్చం అలాగే డీఎన్ఏ పోగులో ఒక అక్షరం మడతపడి పక్కకు ఉబుకుతుంది. ముందూ వెనకా అన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఎక్కడ తప్పిందో రాసే యంత్రానికి తెలియదు. పది ఉండాల్సిన చోట తొమ్మిది రాసి ముందుకు వెళ్లిపోతుంది.

ఒక్క అక్షరమే కదా అనుకుంటాం. కణం తన రాతను మూడేసి అక్షరాలు కలిపి చదువుతుంది. మన భాషలోనే చూద్దాం. పలక, కడిగి, బడికి, పరుగు. అన్నీ మూడక్షరాల మాటలే. పసివాడు ఎత్తిరాస్తూ వరసగా వచ్చిన రెండు క అక్షరాల్లో ఒకటి మరిచాడు. ఇప్పుడు మూడేసి అక్షరాలు విడదీసి చదవండి: పలక, డిగిబ, డికిప, రుగు. పలక మిగిలింది. బడి పోయింది, పరుగు పోయింది. తప్పు జరిగింది ఒక్కచోటే, కానీ ఆ చోటు దాటాక ఒక్క మాటకూ అర్థం లేదు.

ప్రకృతి ఈ జారుడును ఎరగనిది కాదు. కాపలా పెట్టింది. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే రెండు ప్రోటీన్లు జంటగా డీఎన్ఏ పొడవునా తడుముకుంటూ వెళతాయి. కొత్తగా కుట్టిన బట్ట మీద అరచెయ్యి నిమిరి ముడి ఎక్కడుందో చూసినట్టు. మడత తగలగానే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 అనే మరో జంటను పిలుస్తాయి. తప్పు కుట్టు విప్పుతారు, మళ్లీ సరిగా కుడతారు. బాక్టీరియా నుంచి మనిషి దాకా ఈ పనితనం ఒకటే. దాన్ని మెట్టు మెట్టుగా విప్పి చూపిన పాల్ మాడ్రిచ్‌కు 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఈ కాపలాదారుల ఒక్కో జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. పాలీన్‌కు అందిన రెండు ఎంఎస్‌హెచ్2 ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే చెడినది. రెండోది ఒంటిచేత్తో కాపు కాసింది. ఏళ్లకేళ్లు కాసింది. ఆమె నడక నేర్చినప్పుడు, సూదిలో దారం ఎక్కించడం నేర్చినప్పుడు, వార్థిన్‌కు తన చావు గురించి చెప్పినప్పుడు కూడా, లోపల కోట్ల కణాల్లో ఆ ఒక్కటీ తప్పులు దిద్దుతూనే ఉంది. ఆ తర్వాత ఒకరోజు గర్భసంచి లోపొరలో, ఒకే ఒక్క కణంలో, ఆ రెండోదీ పోయింది. ఆ రోజు ఆమె ఏ జాకెట్టు అంచు మడుస్తూ ఉందో. నొప్పి లేదు, జ్వరం లేదు. కళ్లంలో కొలిచే మనిషి లేచి వెళ్లిపోయాడు, ధాన్యం మాత్రం రాశి పోస్తూనే ఉన్నారు.

ఆ క్షణం నుంచి ఆ కణం చీలిన ప్రతిసారీ వల్లెవేతల లెక్కలు తప్పడం మొదలవుతుంది, మామూలు కంటే వందల రెట్లు ఎక్కువగా. వాటిలో చాలా చోట్లకు అర్థం లేదు, అక్కడ తప్పినా ఎవరికీ బాధ లేదు. గుండె పట్టుకునేది మరికొన్ని చోట్ల తప్పినప్పుడు. పేగు కణాలకు ఇక చాలు, పెరగకు అనే కబురు అందుకునే జన్యువు ఒకటుంది, టీజీఎఫ్‌బీఆర్2. దాని నడుమ సరిగ్గా పది ఎ అక్షరాలు వరసగా ఉన్నాయి. పది తొమ్మిదయితే ఆగమన్న మాట కణానికి వినపడదు. బ్యాక్స్ అనే ఇంకో జన్యువుంది. బాగుచేయలేనంతగా చెడిన కణానికి, నలుగురి మేలు కోరి, నువ్వు పోవాలి అని చెప్పేది. అందులో ఎనిమిది జి అక్షరాలు. ఎనిమిది ఏడయితే చావవలసిన కణం చావదు. ఇక నాకు అన్నింటికంటే బాధగా తోచేది ఎంఎస్‌హెచ్6 సంగతి. లెక్క సరిచూసే ఆ జంటలో ఒకటైన దాని సొంత రాతలోనే ఎనిమిది సి అక్షరాల వరస ఉంది. దాని తోబుట్టువు ఎంఎస్‌హెచ్3లో ఎనిమిది ఎ అక్షరాలు. కాపలాదారుల్లో ఒకరు కూలితే మిగిలినవాళ్ల ఇళ్ల తలుపులు కూడా అదే గాలికి తెరుచుకుంటాయి.

పాలీన్ పోయింది, తాను చెప్పినట్టే, గర్భసంచి కేన్సర్‌తో.

ఇప్పుడు తప్పిపోయిన అవకాశాల గురించి చెప్పాలి. వాటిని వరసపెట్టి తలుచుకోవడం చచ్చిపోయినవాళ్ల ఇంటికి వెళ్లి, ఆ రోజు ఆ బండి ఎక్కకుండా ఉంటే అని మాట్లాడటం లాంటిదే. అయినా ఇళ్లలో అందరూ మాట్లాడతారు. మాట్లాడకపోతే గుండె బరువు దిగదు.

వార్థిన్ ఆమె మాట విన్నది 1895లో. ఆ వంశవృక్షాన్ని అచ్చులో పెట్టింది 1913లో. పద్ధెనిమిదేళ్లు. బహుశా ఆయన ఇంకా సాక్ష్యం కావాలనుకున్నాడు, ఇంకా కొన్ని చావులు లెక్కకు రావాలనుకున్నాడు. పరిశోధకుడిగా అది సరైన జాగ్రత్తే. ఆ ఇంటివాళ్లకు మాత్రం ఆ జాగ్రత్త ఏ రకంగానూ అక్కరకు రాలేదు. వ్యాసం వచ్చాక అయినా వైద్యలోకం కదిలిందా అంటే పెద్దగా లేదు. కేన్సర్ తరం నుంచి తరానికి వస్తుందంటే అప్పుడు నమ్మేవాళ్లు తక్కువ. విచిత్రమేమంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, 1911లో, న్యూయార్క్‌లో పేటన్ రౌస్ కోడికి వచ్చిన కణితిని నూరి, కణాలేవీ దాటలేనంత సన్నగా వడగట్టి, ఆ నీటితో ఇంకో కోడికి కణితి తెప్పించాడు. కేన్సర్‌కు వైరస్ కూడా కారణమని చూపాడు. ఆయన మాటనూ పక్కన పెట్టారు. నోబెల్ చేతికి వచ్చేసరికి 1966. రౌస్ కనిపెట్టిన ఆ వైరస్ జాతి రాతకు రెండు చివర్లా ఒకే వాక్యం రెండుసార్లు రాసి ఉంటుందని, మన డీఎన్ఏలో దూరాక అదే వాక్యం పక్కనున్న జన్యువును బలవంతంగా నిద్రలేపగలదని చాలా ఏళ్ల తర్వాత తేలింది. వంశం నుంచి వచ్చే కేన్సర్, వైరస్ నుంచి వచ్చే కేన్సర్, రెండు నిజాలూ ఒకే కాలంలో తలుపు తట్టాయి. రెండింటి నోటా పునరుక్తులే ఉన్నాయి. లోపలినుంచి ఎవరూ పలకలేదు.

వార్థిన్ గురించి ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఆయన కాలం మంచి రక్తం, చెడు రక్తం అని మనుషులను వేరుచేసే ఆలోచనలకు లొంగిన కాలం. ఆయన కూడా లొంగాడు. ఒక వంశాన్ని చావు వెంటాడుతోందని గుర్తించిన ఆ మనిషి, వాళ్లను ఎలా కాపాడాలన్న ప్రశ్న దగ్గర నిలవకుండా, ఎవరు పిల్లల్ని కనాలి, ఎవరు కనకూడదు అన్న వైపు మనసు మళ్లించాడు. ఆయన మీద నాకు కోపం కంటే దిగులు ఎక్కువ. అంత చక్కగా విన్న చెవి, ఆ తర్వాతి స్వరం దగ్గర తప్పింది.

1925లో మరోసారి రాశాడు. 1931లో పోయాడు. 1936లో ఆయన తర్వాత వచ్చిన హౌజర్, వెల్లర్ ఆ వంశం కథను ఇంకొంచెం పొడిగించారు. ఆ తర్వాత ఫైళ్లు అల్మారాలోకి వెళ్లాయి. పాలీన్ గీయడంలో సాయపడిన ఆ చెట్టుకు బయట కొమ్మలు వేస్తూనే ఉన్నాయి. పిల్లలు పుట్టారు, పెళ్లిళ్లు జరిగాయి. తొలి తరాల్లో ఎక్కువగా కడుపులో వచ్చిన జబ్బు తర్వాతి తరాల్లో పెద్దపేగుకు మారింది. తిండి మారింది, కాలం మారింది, చెడిన అక్షరం మాత్రం మారలేదు. అల్మారా తలుపు వేసే ఉంది.

1962. నెబ్రాస్కా రాష్ట్రం, ఒమాహా. హెన్రీ లించ్ అనే యువ వైద్యుడి దగ్గర ఒక రోగి ఉన్నాడు, తాగి తాగి ఒళ్లు గుల్ల చేసుకున్నవాడు. ఎందుకింత తాగుతావని అడిగితే అతను చెప్పాడు, మా ఇంట్లో అందరూ కేన్సర్‌తోనే పోతారు, నేనూ పోతాను అని. ఆ వాక్యం ఎంత పాతదో చూడండి. అరవై ఏడేళ్ల కిందట ఆన్ ఆర్బర్‌లో ఒక సూది పక్కన పలికిన వాక్యమే, ఒమాహాలో ఒక సీసా పక్కన మళ్లీ పలికింది. లించ్ విన్నాడు. వైద్యానికి ముందు జన్యుశాస్త్రం చదివినవాడు కావడం ఆ ఇంటివాళ్ల అదృష్టం. ఆన్ క్రష్ అనే సామాజిక కార్యకర్తతో కలిసి బంధువుల గడపలు తిరిగాడు, మరణ పత్రాలు సేకరించాడు. ఈ పని తెలిసి ఆన్ ఆర్బర్ వాళ్లు ఆయనను పిలిచి, వార్థిన్ నాటి ఫైళ్లు చేతిలో పెట్టారు. 1971లో ఫ్యామిలీ జి కథ మళ్లీ అచ్చులోకి వచ్చింది. 1895 నుంచి 1970 దాకా జరిగినదంతా.

అప్పటికైనా తలుపులు బార్లా తెరుచుకున్నాయా అంటే, లేదు. కాకతాళీయం అన్నారు. తిండి, ఊరు, అలవాట్లు అన్నారు. నిధుల కోసం లించ్ పెట్టుకున్న దరఖాస్తులు తిరిగి వచ్చాయి. ఆయన ఎక్కే గడపా దిగే గడపాగా ఏళ్లు గడిపాడు. ఆ ఏళ్లలో పెద్దపేగు లోపల చూసే గొట్టం అందుబాటులోకి వచ్చింది, చిన్న చిన్న పిలకలను పెరగకముందే తుంచేయడం చేతనయింది. ఎవరికి చూడాలో తెలిస్తే చాలు. ఎవరికి చూడాలో ఆ ఫైళ్లలో రాసి ఉంది. నాకు అన్నింటికంటే ఎక్కువ గుచ్చుకునేది ఈ రెండు దశాబ్దాలే. 1895లో పాలీన్‌ను కాపాడే సాధనం ఎవరి చేతిలోనూ లేదు, ఆ దుఃఖానికి ఒక రకమైన అమాయకత్వం ఉంది. 1970ల నాటికి అది కూడా లేదు.

ఇంకో తలుపు, దాదాపు ఎవరికీ కనిపించనిది, 1987లో ఒక క్షణం తెరుచుకుంది. లెవిన్సన్, గట్‌మన్ అనే ఇద్దరు, బాక్టీరియాను ఆశ్రయించే ఎం13 అనే వైరస్‌లో సి ఎ సి ఎ అనే వల్లెవేతను అమర్చి చూశారు. బాక్టీరియాలో తప్పులు దిద్దే జన్యువులు చెడితే ఆ వల్లెవేత లెక్క విపరీతంగా తప్పుతోంది. మొత్తం రహస్యం అక్కడే ఉంది, వైరస్ మీద, సూక్ష్మజీవి ఒంట్లో. కానీ అది చదివేవాళ్లు వేరు, కేన్సర్ వార్డుల్లో తిరిగేవాళ్లు వేరు. ఒకే ఊళ్లో రెండు వీధుల మధ్య నడిచి వెళ్లే మనిషి లేకపోవడం లాంటిది అది.

1993 వేసవిలో మూడు బృందాలు మూడు చోట్ల నుంచి అదే తలుపు దగ్గరకు చేరుకున్నాయి. ఫిన్లండ్, బాల్టిమోర్ బృందాలు కలిసి, మేయో క్లినిక్‌లో థిబోడో, కాలిఫోర్నియాలో పెరుచో. కణితిలో పోయిన డీఎన్ఏ ముక్క కోసం వెతుకుతున్నవాళ్లు మరొకటి చూశారు. వల్లెవేతల పొడవును గీతలుగా చూపే ఫిల్ము మీద పక్క పక్కనే రెండు వరసలు, ఒకటి రోగి ఆరోగ్యమైన కణాలది, ఒకటి కణితిది. రెండూ ఒకే మనిషివి, గీతలు ఒకే చోట ఉండాలి. కణితి వరసలో కొత్త గీతలు, ఉండకూడని చోట్ల, మెట్లు మెట్లుగా. ఇందులో నమ్మశక్యం కానిది ఏమిటో మన పాఠకులకు తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ మనిషిని గుర్తుపట్టడానికి డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి తయారుచేసింది ఇలాంటి పునరుక్తుల ఆధారంగానే. ఒక మనిషి ఒంట్లో ఎక్కడ చూసినా ఆ లెక్క మారదన్న నమ్మకం మీదే కోర్టుల్లో తండ్రెవరో తేలుతుంది, హంతకుడెవరో తేలుతుంది. కణితిలో ఆ నమ్మకం చెదిరింది. ఆ గీతలు చూస్తే కణితి ఇంకెవరిదో అనిపిస్తుంది.

ఆ ఏడాది సెప్టెంబరులో ఈస్ట్ మీద పనిచేసేవాళ్లు, తప్పులు దిద్దే జన్యువులు చెడితే వల్లెవేతలు ఇలాగే జారుతున్నాయని చూపి, ఈ రోగుల్లో కూడా అక్కడే వెతకమన్నారు. డిసెంబరు నాటికి ఎంఎస్‌హెచ్2 దొరికింది. మరుసటి ఏడాది ఎంఎల్‌హెచ్1. పాలీన్ చెప్పిన లెక్కలో తప్పిన చోటు ఇదేనని వేలు పెట్టి చూపడానికి 98 ఏళ్లు.

ఆ తర్వాత వచ్చినవన్నీ ఇప్పుడు మనకు మామూలు సంగతులు. ఫిన్లండ్‌లో మూడేళ్లకోసారి పేగు లోపల చూసుకున్న కుటుంబాల్లో పెద్దపేగు కేన్సర్ సగానికి పైగా తగ్గింది. పిల్లలు చాలనుకున్నాక గర్భసంచి తీయించుకునే ఆడవాళ్లు ఆ భయం నుంచి బయటపడుతున్నారు. లెక్క తప్పిన రాత నుంచి పుట్టే చిత్తు ప్రోటీన్లను మన రక్షక కణాలు పరాయివిగా గుర్తుపట్టగలవని తేలింది. వాటి చేతులకు కట్టిన తాడు విప్పే మందు పెంబ్రోలిజుమాబ్‌కు 2017లో అమెరికా అనుమతి దొరికింది, కేన్సర్ ఏ అవయవంలో పుట్టిందన్న లెక్క లేకుండా, పునరుక్తుల లెక్క తప్పి ముదిరిన కణితులకు. తీసుకుపోయిన గుణమే ఇప్పుడు కొందరిని వెనక్కి తెస్తోంది. ఇవి చదివినప్పుడల్లా సంతోషిస్తాను. ఆ వెంటనే పాలీన్ గుర్తొచ్చి, ఆ సంతోషం గొంతులో కాసేపు ఆగుతుంది.

మన దగ్గర ఇంకో బెంగ ఉంది. మేనరికాలు. చెడిన ప్రతి ఒకటి వస్తే నడివయసు దాకా రెండోది కాపు కాస్తుంది. ఒకే వంశంలో పెళ్లి జరిగి, అదే చెడిన ప్రతి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ బిడ్డకు చేరితే, కాపలా పుట్టుకతోనే ఉండదు. అలాంటి బిడ్డలకు మెదడులో గడ్డలు, రక్త కేన్సర్లు బాల్యంలోనే వస్తాయి. ఒంటిమీద పాలుకలిసిన కాఫీ రంగు మచ్చలు కనబడతాయి. ఇది అరుదు. కానీ అరుదన్న మాట ఆ ఇంటి గడప దగ్గర పనికిరాదు.

2005లో ఫ్యామిలీ జి మీద మరో వ్యాసం వచ్చింది. తెలిసిన వారసులు 900 మందికి పైగా. చెడినది ఏమిటో అప్పటికే కచ్చితంగా తేలింది. జన్యువు మన చేతికి వచ్చే చొక్కాలా ఒకే గుడ్డ కాదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కణం అక్కర్లేని గుడ్డను కత్తిరించి, అర్థమున్న ముక్కలను అంచుకు అంచు కలిపి కుట్టుకుంటుంది. ఎంఎస్‌హెచ్2 జన్యువులో నాలుగో ముక్క అంచున, సరిగ్గా కుట్టు పడాల్సిన చోట, టి ఉండాల్సిన దగ్గర జి ఉంది. ఒక్క అక్షరం. ఆ అంచు తెలియక కణం కుట్టు తప్పింది. కుట్టుపని చేసి బతికిన ఆమె వంశంలో తప్పింది ఒక కుట్టు.

అదే జన్యువులో, అయిదో ముక్క దాటగానే, ఒక వల్లెవేత ఉంది. వరసగా 26 ఎ అక్షరాలు. దాని పేరు బ్యాట్-26. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో పేగు కేన్సర్, గర్భసంచి కేన్సర్ ముక్క వచ్చినప్పుడు లెక్కపెట్టి చూసే వరసల్లో ఇదొకటి. తెర మీద రెండు గీతలు లేస్తాయి. పైది రోగి ఆరోగ్యమైన కణాలది, దాని శిఖరం ఉండాల్సిన చోట నిటారుగా ఉంటుంది. కిందిది కణితిది. కాపలా పోయిన కణితి అయితే శిఖరం ఎడమకు జారి, దాని పక్కన చిన్న చిన్న శిఖరాలు మెట్లలా దిగుతూ కనిపిస్తాయి. చూసే మనిషి ఎన్ని తగ్గాయో ఉన్నదున్నట్టు రాస్తాడు. ఆ రిపోర్టుతో పాటు నింపాల్సిన కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా? ఎవరికి, ఎన్నో ఏట? దాని కింద ఖాళీ గీతలు.